పోలీసు రికార్డుల్లో ఇంకా పరారీలోనే: సరోజ్ దత్తా

కోల్‌కతా పోలీసుల కాగితాల ప్రకారం సరోజ్ దత్తా చనిపోలేదు. పరారీలో ఉన్నాడు. 1971 ఆగస్టు నుంచి ఇదే మాట. 1914లో పుట్టిన మనిషి ఈ లెక్కన నూట పదేళ్లు దాటి ఎక్కడో తలదాచుకుని బతుకుతూ ఉండాలి.

నగరానికి తెలిసిన సంగతి వేరు. ఆగస్టు 4 అర్ధరాత్రి దాటాక దక్షిణ కలకత్తాలోని రాజా బసంత రాయ్ రోడ్డులో ఓ అధ్యాపకుడి ఇంటి తలుపు తట్టిన పోలీసులు, అక్కడ రహస్యంగా ఉంటున్న 57 ఏళ్ల కవిని, పత్రికా సంపాదకుడిని పట్టుకుపోయారు. తెల్లవారేలోగా మైదాన్‌లో, ఆర్యన్ క్లబ్ డేరా దగ్గర కాల్చి చంపారన్నది ఆయన సహచరులూ హక్కుల సంఘాలూ యాభై ఏళ్లకు పైగా చెబుతున్న మాట. ఏ కోర్టూ దీన్ని రుజువు చేయలేదు, తోసిపుచ్చలేదు. అసలు ఏ కోర్టు ముందుకూ ఆ ప్రశ్న సరైన రూపంలో వెళ్లలేదు. వెళ్లకుండా చేయడానికి పోలీసులకు పెద్ద శ్రమ కూడా అవసరం కాలేదు. అరెస్టు చేశామని ఒప్పుకోకపోవడం ఒక్కటే సరిపోయింది.

ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగువాళ్లకు పాతదే. ఎదురుకాల్పుల్లో చనిపోయాడన్న ప్రకటన, శవం పడి ఉన్న ఫొటో, పోస్టుమార్టం, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు. ఆ ప్రకటన అబద్ధమే కావచ్చు. కానీ అందులో ప్రభుత్వం ఒక విషయం ఒప్పుకుంటుంది: ఈ మనిషి మా తూటాతో చనిపోయాడు అని. హక్కుల ఉద్యమం పట్టుకు లాగడానికి ఆ మాత్రం కొస దొరుకుతుంది. సరోజ్ దత్తా విషయంలో ఆ కొస కూడా దొరకలేదు.

ఆయన నరైల్‌లో పుట్టాడు. అప్పటి జెస్సోర్ జిల్లా, ఇప్పుడు బంగ్లాదేశ్. చదువు కోసం కలకత్తా వచ్చి, విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం ఎం.ఏ. చేశాడు. అది ముప్పైల కలకత్తా. ఠాగూర్ ఇంకా బతికి ఉన్నాడు. ఆయన నీడ నుంచి బయటపడాలని తాపత్రయపడే యువకవులు ఒకపక్క, అభ్యుదయ రచయితల సంఘం మరోపక్క. సరోజ్ దత్తా రెండో గుంపు మనిషి. 1940 ప్రాంతంలో ఆయన చేసిన సాహిత్య వివాదం బెంగాలీ విమర్శలో ఇప్పటికీ చర్చకు వస్తుంది. ఆధునిక కవిత్వంలోని నిరాశ, క్షీణత తనంతట తానే విప్లవకరమని వాదించినవారిలో యువకవి సమర్ సేన్ ఒకడు. సరోజ్ దత్తా దాన్ని నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడాడు. ముసుగు చించెయ్యమన్న అర్థం వచ్చేలా వ్యాసానికి శీర్షిక పెట్టాడు. ఆ వాదన పూర్తిగా న్యాయమైనదేనా అంటే అనుమానమే. సమర్ సేన్ మంచి కవి. అయితే ఆ తర్వాత జరిగినది విచిత్రం. సమర్ సేన్ కవిత్వం రాయడం మానేశాడు. 1968లో ఫ్రాంటియర్ వారపత్రిక పెట్టాడు. డెబ్బైల్లో బెంగాల్ కుర్రాళ్ల మీద పోలీసు తూటాలు పేలుతున్నప్పుడు ఆ సంగతులు ఇంగ్లిష్‌లో నిర్భయంగా అచ్చువేసిన కొద్ది పత్రికల్లో అది ముందు నిలిచింది.

సరోజ్ దత్తా బతుకుతెరువు అమృతబజార్ పత్రికలో సబ్‌ఎడిటర్ ఉద్యోగం. నలభైల్లో ఉద్యోగుల సమ్మెలో నిలబడ్డందుకు అది ఊడింది. ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ పత్రికలే ఆయన ప్రపంచం. పరిచయ్ సాహిత్య పత్రికకు సంపాదకత్వం, పార్టీ దినపత్రిక స్వాధీనతలో పని. రోమా రోలా వ్యాసాలను శిల్పీర్ నవజన్మ పేరుతో బెంగాలీలోకి తెచ్చాడు. ఉద్యమాల్లోకి వచ్చే కవులు ఉపన్యాసకులవడం మనకు అలవాటైన దృశ్యం. ఈయన అలా కాదు, బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దే రకం. జీవితాంతం ఆ బల్ల వదల్లేదు. బల్ల ఉన్న ఇళ్లు మాత్రం చివర్లో తరచూ మారాయి.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జైలుకు పంపిన కమ్యూనిస్టుల్లో ఆయనా ఉన్నాడు. 1964లో పార్టీ చీలితే మార్క్సిస్టు పార్టీలోకి వెళ్లాడు. 1967లో నక్సల్బరీ తర్వాత అక్కడా ఇమడలేదు. దేశబ్రతి పత్రిక మొదలైంది. 1969 ఏప్రిల్ 22న సీపీఐ (ఎంఎల్) ఏర్పడ్డాక అది ఆ పార్టీ బెంగాలీ గొంతు. సరోజ్ దత్తా దానికి ప్రాణం. శశాంక అనే మారుపేరుతో ఆయన రాసిన పత్రికార్ దునియాయ్ శీర్షిక కోసం పార్టీతో సంబంధం లేనివాళ్లు కూడా పత్రిక కొనేవారు. పెద్ద దినపత్రికలు ఆ వారం ఏం రాశాయి, ఏం దాచాయి, ఒక వార్తను ఏ పేజీలో ఎందుకు పెట్టాయి అన్నది విప్పి చెప్పడం ఆయన పద్ధతి. కొన్నేళ్లు న్యూస్ డెస్కు మీద కూర్చున్నవాడికే ఆ కిటుకులు తెలుస్తాయి.

దేశబ్రతి పాఠకులకు శ్రీకాకుళం దగ్గరి ఊరులాంటిది. ఆ కొండల వార్తలు అందులో వచ్చేవి. 1969 డిసెంబరులో కవి సుబ్బారావు పాణిగ్రాహిని, 1970 జూలై 10న వెంపటాపు సత్యాన్ని, ఆదిభట్ల కైలాసాన్ని పోలీసులు చంపారు. ఎదురుకాల్పులన్నారు. ఆ ప్రకటనల భాష ఎలా తయారవుతుందో శశాంక పాఠకులకు అప్పటికే తెలుసు.

ఆయన జీవితంలో ఇబ్బంది పెట్టే అధ్యాయం ఒకటుంది, దాన్ని దాటేయడం సరికాదు. 1970లో నక్సలైట్ కుర్రాళ్లు కలకత్తాలో విగ్రహాలు కూల్చారు. కాలేజీ స్క్వేర్‌లో విద్యాసాగర్ విగ్రహం తల తెగిపడింది. పార్టీలోనే సుశీతల్ రాయ్ చౌధురి దీన్ని తప్పుపట్టాడు. సరోజ్ దత్తా సమర్థిస్తూ రాశాడు. 1857 తిరుగుబాటు వేళ ఈ సంస్కర్తలు సిపాయీల పక్షాన నిలబడలేదు కదా అన్నది ఆయన వాదనలో ముఖ్యం. విద్యాసాగర్ అంటే వితంతు వివాహ చట్టం గుర్తొచ్చే తెలుగువాళ్లకు, కందుకూరిని దక్షిణాది విద్యాసాగరుడని పిలుచుకున్నవాళ్లకు, ఆ వాదన మింగుడుపడదు. విగ్రహాలతో ఆగిందీ లేదు. వర్గశత్రు నిర్మూలన పంథా నగరంలోకి వచ్చాక వీధి మలుపుల్లో ట్రాఫిక్ కానిస్టేబుళ్లు చనిపోయారు. 1970 డిసెంబరు 30న జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ గోపాల్ సేన్ క్యాంపస్‌లోనే హత్యకు గురయ్యాడు. ఆ పంథాను అక్షరాలతో నిలబెట్టినవాళ్లలో సరోజ్ దత్తా ఒకడు. ఆయన మీద ప్రభుత్వం కేసు పెట్టి, కోర్టులో నిలబెట్టి, శిక్ష పడితే జైల్లో పెట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. చట్టం ఉన్నది అందుకే. కోర్టుకు తీసుకెళ్లకుండా చేసినదాన్ని సమర్థించడానికి ఆయన రాతలను సాక్ష్యంగా చూపేవారు ఇప్పటికీ ఉన్నారు. మనిషి రాసినదానికి శిక్ష వేయాల్సింది ఎవరన్న ప్రశ్నకు మాత్రం వారు జవాబు చెప్పరు.

1970లో దేశబ్రతి మీద దాడులు జరిగాక సరోజ్ దత్తా అజ్ఞాతంలోకి వెళ్లాడు. పత్రిక రహస్యంగా నడిచింది. ఆ ఏడాది నవంబరులో కలకత్తా పొలిమేరలోని బారాసాత్ రోడ్డు పక్కన పదకొండు మంది యువకుల శవాలు దొరికాయి. హింసాత్మక చర్యల నిరోధం పేరుతో బెంగాల్‌కు ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. 1971 జూన్ చివర్లో రాష్ట్రపతి పాలన, జూలైలో మీసా. తూర్పు సరిహద్దు దాటి లక్షల మంది శరణార్థులు వస్తున్న రోజులవి. ప్రపంచం దృష్టి ఢాకా మీద ఉంది. కలకత్తా సందుల్లో ఏం జరుగుతోందో చూసే తీరిక ఎవరికీ లేదు. సరోజ్ దత్తాను పట్టుకుపోయిన వారం తిరిగేసరికి, ఆగస్టు 12, 13 తేదీల్లో, కాశీపూర్, బరానగర్ పేటల్లో ఇళ్లలోంచి లాగి మరీ కుర్రాళ్లను చంపారు. అక్కడ ఎంతమంది చనిపోయారన్నది నేటికీ తేలలేదు.

మైదాన్ కలకత్తాకు పెరడులాంటిది. తెల్లారకముందే నడకకు వచ్చేవాళ్లు, ఫుట్‌బాల్ క్లబ్బుల డేరాలు, గుర్రపు స్వారీలు. అక్కడ తుపాకి పేలితే ఎవరికీ వినపడకపోవడం కష్టం. ఆ ఉదయం నడకకు వెళ్లిన బెంగాలీ సినిమా మహానాయకుడు ఉత్తమ్ కుమార్ ఆ దృశ్యం చూశాడని నగరమంతా చెప్పుకుంటుంది. దాన్ని రుజువు అనలేం. ఉత్తమ్ కుమార్ ఎక్కడా వాంగ్మూలం ఇవ్వలేదు, 1980 జూలైలో చనిపోయాడు. చూశాడో లేదో తేల్చాల్సింది పుకారు కాదు, విచారణాధికారి. పిలిచి ప్రమాణం చేయించి అడిగే విచారణే జరగనప్పుడు పుకారు దానికదే పెరిగి పెద్దదవుతుంది. సరోజ్ దత్తా పేరు వినని వాళ్లకు కూడా ఉత్తమ్ కుమార్ కథ తెలుసు. సాక్షి కథ మిగిలి చనిపోయినవాడి కథ వెనక్కిపోయింది.

చట్టం దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో కూడా 176వ సెక్షన్ ఉంది. పోలీసు కస్టడీలో మనిషి చనిపోతే మేజిస్ట్రేటు విచారణ జరపాలి. కానీ కస్టడీలోకి తీసుకున్నట్టు రికార్డు ఉండాలి, చనిపోయినట్టు శవం ఉండాలి. రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమంది. అరెస్టే చేయలేదన్నవారిని ఆ అధికరణం ఏమీ చేయలేదు. హెబియస్ కార్పస్ వేస్తే, మా దగ్గర లేడు అని ఒక్క అఫిడవిట్. హత్య కేసు పెట్టమంటే, మనిషి పరారీలో ఉంటే హత్య ఎక్కడిది అన్న ఎదురు ప్రశ్న. ఇక మిగిలింది సాక్ష్య చట్టం 108వ సెక్షన్. ఏడేళ్లపాటు మనిషి బతికున్నట్టు అయినవాళ్లెవరికీ తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చంటుంది అది. ఆ సెక్షన్ ఆస్తి పంపకాలకు, బీమాకు, పునర్వివాహానికి పనికొస్తుంది. ఎవరు చంపారన్నదానికి పనికిరాదు. ఇంటివాళ్లకు అది పెట్టే పరీక్ష కూడా చిత్రమైనది. చంపేశారని తెలిసినవాళ్లు, ఏడేళ్లుగా కబురు లేదని చెప్పుకోవాలి.

మహాశ్వేతాదేవి 1084 నవలలో తల్లి శవాగారానికి వెళ్లి కొడుకును గుర్తుపట్టాల్సి వస్తుంది. తెలుగులో ఒక తల్లి పేరుతో వచ్చిన ఆ పుస్తకం చదివినవాళ్లకు కొడుకు ఒక అంకెగా మారడం గుండెలో గుచ్చుకుంటుంది. సరోజ్ దత్తా ఇంటివారికి ఆ అంకె కూడా ఇవ్వలేదు. చితి లేదు, మరణ ధ్రువపత్రం లేదు.

ఏడాది తిరిగేలోగా చారు మజుందార్‌ను పట్టుకున్నారు. 1972 జూలై 16న అరెస్టు చూపించారు, 28న కస్టడీలో చనిపోయాడన్నారు. ఆ మరణం మీద ఎన్ని అనుమానాలున్నా దానికొక తేదీ ఉంది, ఆసుపత్రి ఉంది, శ్మశానం ఉంది. అదే సంవత్సరం కలకత్తాలో ప్రజాస్వామిక హక్కుల పరిరక్షణ సంఘం, ఏపీడీఆర్, పుట్టింది. కొద్దికాలానికే మన దగ్గర పౌరహక్కుల సంఘం. రెండు చోట్లా కారణం ఒకటే.

1977లో దేశం మారింది. ఎమర్జెన్సీ పోయింది, బెంగాల్‌లో లెఫ్ట్‌ఫ్రంట్ గెలిచింది. నక్సలైట్ ఖైదీలు విడుదలయ్యారు. సరోజ్ దత్తా ఏమయ్యాడో చెప్పమని కొత్త ప్రభుత్వాన్ని అడిగారు. నక్సలైట్లతో వీధుల్లో తలపడిన పార్టీయే ఇప్పుడు ప్రభుత్వం. ఆ తలపోట్లలో దాని కార్యకర్తలూ చనిపోయారు. ఖైదీలను వదలడం దానికి సాధ్యమైంది. పోలీసు యంత్రాంగాన్ని బోనులో నిలబెట్టడం మాత్రం సాధ్యం కాలేదు, లేదా ఇష్టం లేకపోయింది. ముప్పై నాలుగేళ్ల పాలనలో పరారీ అన్న మాటను ఫైలులోంచి తీయలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వమూ తీయలేదు.

అదే సంవత్సరం దేశం మరో మూల ఏం జరిగిందో చూస్తే దారి పూర్తిగా మూసుకుపోలేదని తెలుస్తుంది. కేరళలో కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను 1976 మార్చి 1న పోలీసులు తీసుకెళ్లారు. అతని శవమూ దొరకలేదు. తండ్రి ఈచర వారియర్ 1977లో హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. తీసుకెళ్లడం చూసిన తోటి విద్యార్థులు, అధ్యాపకులు సాక్ష్యం చెప్పారు. ప్రభుత్వం అబద్ధం చెప్పిందని కోర్టు నమ్మింది. ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1984లో మణిపూర్ కేసులో, సైన్యం తీసుకెళ్లాక కనపడకుండా పోయిన ఇద్దరి భార్యలకు చెరో లక్ష చెల్లించమని సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మా దగ్గర లేరు అన్న మాటను అక్కడా నమ్మలేదు.

కలకత్తాలోనూ ఒక మహిళ నెగ్గింది, సగం. 1974 జూలైలో లాల్‌బజార్‌కు పట్టుకెళ్లి చిత్రహింస పెట్టిన అర్చనా గుహ నడవలేని స్థితిలో బయటికొచ్చింది. 1977లో పోలీసు అధికారి రుణు గుహ నియోగి మీదా, మరికొందరి మీదా కేసు వేసింది. తీర్పు 1996లో వచ్చింది. శిక్ష పడింది, ఒక్క ఏడాది. పందొమ్మిదేళ్ల వ్యాజ్యానికి ఒక్క ఏడాది శిక్ష అని నవ్వుకోవచ్చు. కానీ ఆమె బతికుంది కనుక, తనకేం జరిగిందో తనే కోర్టులో చెప్పగలిగింది కనుక ఆ మాత్రమైనా దక్కింది. 1986లో బెంగాల్ న్యాయసేవా సంస్థ నుంచి డి.కె. బసు లాకప్ మరణాల మీద సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరం కూడా పదేళ్లు తిరిగి 1996 డిసెంబరు 18న తీర్పైంది. అరెస్టు మెమో ఉండాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంటివారికి కబురు చేయాలి అని ఇవాళ పోలీస్ స్టేషన్ గోడల మీద కనిపించే నియమాలు అందులోవే. రాజా బసంత రాయ్ రోడ్డు ఇంట్లో ఆ రాత్రి అలాంటి ఒక్క కాగితం రాసి ఉంటే సరోజ్ దత్తా పరారీలో ఉన్నాడని అనడం కుదిరేది కాదు.

తెలుగు నేల మీద పోరాటం ఇంకో కొస నుంచి నడిచింది. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. ఎమర్జెన్సీ పోయాక తార్కుండే కమిటీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు పోగుచేసింది, భార్గవ కమిషన్ ముందు కన్నబిరాన్ పోలీసులను ప్రశ్నలతో నిలదీశాడు. మిగతా విచారణ రహస్యంగా జరపాలని ప్రభుత్వం పట్టుబడితే హక్కుల పక్షం బయటికొచ్చేసింది. కమిషన్ అర్ధాంతరంగా ముగిసింది. 2002లో చనిపోయినవారి ఇంటివాళ్లే అమరుల బంధుమిత్రుల సంఘం పెట్టుకున్నారు. వారి మొదటి పని శవాన్ని ఇంటికి తెచ్చుకోవడం. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణం ఏదైనా పోలీసుల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది వారే కోర్టులో నిరూపించుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014లో తనే పోలీసు కాల్పుల మరణాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వీటన్నిటికీ మొదలు ఒక మృతదేహం, ఒక పోలీసు ప్రకటన. మైదాన్ దగ్గర ఆ రెండూ లేవు.

2005లో పార్లమెంటు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 176వ సెక్షన్‌కు 1ఏ ఉపవిభాగం చేర్చింది. కస్టడీలో మరణించినా, మాయమైనా జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలన్నది దాని సారం. మాయమైనా అన్న ఆ చిన్న మాట చట్టంలోకి ఎక్కేసరికి సరోజ్ దత్తా మాయమై 34 ఏళ్లు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నిబంధన ఉంది. మనుషులను మాయం చేయడాన్ని నేరంగా చూసే ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 2007లో సంతకం చేసింది, ఆమోదముద్ర ఇంకా వేయలేదు. మన దేశంలో హత్యకు కాలపరిమితి లేదు. ఎన్నేళ్లయినా కేసు పెట్టవచ్చు. అయితే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లలో ఇప్పుడు ఎవరికైనా తొంభైకి అటూ ఇటూ ఉంటుంది, బతికుంటే. జనరల్ డైరీలు, వాహనాల లాగ్‌బుక్కులు, తూటాల లెక్కల రిజిస్టర్లు ఏమయ్యాయో చెప్పాల్సింది లాల్‌బజారే.

2018లో కస్తూరి బసు, మితాలి బిశ్వాస్ ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. ఆయన వ్యాసాలు, కవితలు సంపుటాలుగా దొరుకుతున్నాయి. ఏటా ఆగస్టు 5న కోల్‌కతాలో ఆయన కోసం కొందరు కలుస్తారు, కవిత్వం చదువుతారు, విచారణ కావాలని మళ్లీ అడుగుతారు. వర్షాకాలం కాబట్టి చాలాసార్లు గొడుగుల కిందే. మైదాన్ తడిసి ఉంటుంది, క్లబ్బుల కుర్రాళ్లు బురదలో బంతి తంతుంటారు. పోలీసు రికార్డులో మాత్రం ఆ రోజు ఎవరి వర్ధంతీ కాదు.